భూమికి రెండు వేళ్ల వదులు

మా ముందుగదిలో రెండు పనులు జరుగుతాయి. గోడవైపు నా వడ్రంగి బల్ల, కిటికీ కింద మా ఆవిడ కుట్టుమిషను. మధ్యలో ఒక తెర. రంపపు పొట్టు కొత్తబట్టల మీద పడకూడదని ఆమే కొలిచి, ఆమే కుట్టి, ఆమే కట్టింది. తెర నేలకు తగలకూడదనుకున్నాం గాని తగులుతుంది. ఒక అంగుళం మేర నేల మీద పాకుతూ, గాలి వీచినప్పుడల్లా పొట్టు ఊడుస్తూ ఉంటుంది.

ఆ తెర అవతల మూడేళ్లుగా కాలేజీ నడుస్తోంది.

దానికి విత్తు వేసింది హెడ్ నర్సు. యూనిఫారం కోసం వచ్చినావిడ, కాజాలు పూర్తయ్యేదాకా స్టూలు మీద కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది. మధ్యమధ్యలో తల ఊపుతోంది.

"ఏం పాటలమ్మా అవి?" అంది మా ఆవిడ.

"పాటలు కాదు, పాఠాలు. యూనివర్సిటీ వాళ్లు ఊరికే చెప్తున్నారు. ఫీజు లేదు, వయసు అడగరు. మన భాషలోనే ఉన్నాయి. నేను నక్షత్రాల గురించి వింటున్నా."

"ఆస్పత్రిలో పనికొస్తాయా నక్షత్రాలు?"

"ఎందుకూ పనికిరావు. అందుకే హాయిగా ఉంది."

ఆ మాట మా ఆవిడకు బాగా పట్టింది. ఆమె చేసే ప్రతి పనీ ఎవరికో పనికొచ్చేదే. ఎందుకూ పనికిరాని పని ఒకటి తనకూ కావాలనుకుంది. మరుసటి వారం నుంచి ఆమె ఫోను దారపు కండెల స్టాండుకు ఆనించి ఉండేది. మిషను ఆగినప్పుడు ప్రొఫెసరు గొంతు, ప్రొఫెసరు ఆగినప్పుడు మిషను చప్పుడు.

మొదట తేనెటీగల గురించి చదివింది. ఆ నెల్లాళ్లూ ఇంట్లో ఈగను కూడా తోలనివ్వలేదు. "అది కూడా చుట్టమే, దూరపుదైతే ఏం?" అనేది. తరువాత వంతెనల గురించి చదివింది. నేను చేసిన కుర్చీలన్నిటినీ తిరగేసి చూసి, "బరువు ఇక్కడ దిగుతోందయ్యా, ఇక్కడ అడ్డపట్టీ ఉండాలి," అని వేలితో చూపించింది. పెట్టి చూశాను. కుర్చీ గట్టిపడింది. ఆ సంగతి నేను పైకి అనలేదు, అప్పటి నుంచి పెడుతూ వస్తున్నాను, అంతే. గుండె, రక్తం, ఉప్పు, పాత పటాలు, నదులు. అన్నానికి కూర్చుంటే చాలు, ఆ రోజు పాఠం పళ్లెంలోకి వచ్చేది. మా అమ్మ గడప పక్కన కూర్చుని గుండీలు కుడుతూ అన్నీ వినేది.

"కోడలా, నీ చదువు ఎప్పటికి అయిపోతుందే?"

"అయిపోదు అత్తయ్యా. ఒకటి అయితే ఇంకోటి ఉంటుంది."

"అయితే నా వంట్లో నొప్పుల్లాంటిదన్నమాట."

అయితే ఒక్క విషయం నేను తెర ఇవతల నుంచే గమనించాను. తొమ్మిది చదువులు మొదలుపెట్టింది, ఒక్కటీ చివరి పేజీ దాటలేదు. ప్రతి దాని చివరా ప్రశ్నలుంటాయి. ప్రశ్నల పేజీ రాగానే ఫోను బోర్లా పెట్టేది. "అవి బడిపిల్లలకి. నేను సరదాకి వింటున్నా," అనేది. గొంతులో మాత్రం సరదా ఉండేది కాదు.

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు ఆమెను బోర్డు దగ్గర నిలబెట్టారట. రెండు కుళాయిలు తిప్పితే తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది? "తొట్టికి చిల్లి ఉందా సార్?" అని అడిగిందట. వాళ్లింటి తొట్టికి ఉండేది మరి. క్లాసు నవ్వింది. "నీకు లెక్కలు రావు, వెళ్లి కూర్చో," అన్నారు మాస్టారు. వెళ్లి కూర్చుంది. మరుసటి ఏడు బడికే వెళ్లలేదు. ఇప్పుడు ఆరు రకాల ఒళ్లకు పన్నెండు గజాల తానులోంచి పిసరు గుడ్డ మిగలకుండా కత్తిరిస్తుంది, కాగితం ముట్టదు. అయినా నోటివెంట ఆ మాటే. "నాకు లెక్కలు రావు. కొలతలు వచ్చు."

పదో చదువు పేరు చూసి అందుకే చేరింది. అది కొలతల గురించి. మనుషులు దేన్ని ఎలా కొలిచారు, జానలతో, అడుగులతో, నీడలతో. చెప్పేది ఒక మేడమ్. పొట్టి జుట్టు, పెద్ద కళ్లద్దాలు. చేతిలో ఎప్పుడూ ఒక దారం ముక్క ఉంటుంది, తిప్పుకుంటూ మాట్లాడుతుంది. తన జోకులకు తనే ముందు నవ్వుతుంది. ఆ నవ్వు వినపడగానే మా అమ్మ కూడా నవ్వేది, ఎందుకో తెలియకుండానే.

ఆరో వారం మేడమ్ అంది: "ఇక పరీక్ష లేదు. మీరు భూమి చుట్టుకొలత తీయబోతున్నారు."

మా ఆవిడ మిషను ఆపేసింది.

సంగతి ఇది. చదువుకునేవాళ్లను ఇద్దరిద్దరిగా జత కడతారు. ఒకరి ఊరికి ఇంకొకరి ఊరు సూటిగా ఉత్తరాన, చాలా దూరంలో ఉండాలి. ఇద్దరూ ఒకే రోజు మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. భూమి గుండ్రం కాబట్టి రెండు నీడలూ ఒకేలా ఉండవు. ఆ తేడా నుంచి భూమి మొత్తం చుట్టుకొలత వస్తుంది. పుస్తకాల్లో ఉన్నది సుమారు నలభై వేల కిలోమీటర్లు. దానికి అటూ ఇటూ నాలుగు వేల లోపు వస్తే ఆ జత పేరుతో పటం మీద ఒక పచ్చచుక్క పెడతారు, చదువు పూర్తయినట్టు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పేజీ మూసేస్తారు.

నాకు సగమే అర్థమైంది. మా ఆవిడ ఒక గొడుగు గౌను తెచ్చి నా బల్ల మీద పరిచింది.

"ఇదిగో, పన్నెండు ముక్కలు కలిపి కుట్టానా? మొత్తం విప్పి కొలవక్కర్లేదు. ఒక్క ముక్క కింది అంచు ఎంతో తెలిస్తే, దాన్ని పన్నెండు పెట్టి గుణిస్తే మొత్తం ఘేరా, అదే అంచు చుట్టుకొలత, వచ్చేస్తుంది. మన ఊరికీ నాకు జత పడేవాళ్ల ఊరికీ మధ్య ఉన్నది ఒక ముక్క. మొత్తం ఎన్ని ముక్కలో నీడలు చెప్తాయి."

"భూమికి గౌను కుడతావుటే?" అంది అమ్మ. "ఇంత బట్ట ఎక్కడ దొరుకుతుంది?"

"ముందు కొలత తీస్తా అత్తయ్యా. బట్ట ఆవిడే తెచ్చుకుంటుంది."

మేడమ్ జత కట్టింది రైల్వే గేటు కాపలాదారుతో. తొమ్మిది వందల అయిదు కిలోమీటర్లు ఉత్తరాన ఆయన గేటు. మొదటి ఫోనుకే మా ఆవిడను "చెల్లెమ్మా" అన్నాడు. గొంతు రైలు కూతలా ఉండేది, స్పీకరు పెట్టక్కర్లేదు.

"చెల్లెమ్మా, నాకు ఇది మూడోసారి. మొదటిసారి నా జతవాడు నిద్రపోయాడు. రెండోసారి ఆవిడకి పెళ్లి కుదిరింది. ఈసారైనా చుక్క పెట్టించు తల్లీ, నా గేటు పటంలో ఎక్కడా లేదు."

"నేను నిద్రపోను అన్నయ్యా. పెళ్లి ఎప్పుడో అయిపోయింది."

ఆ మాటతో ఆమె మాట ఇచ్చేసినట్టయింది. తొమ్మిది చదువుల్లో తప్పించుకుంది. ఈసారి తన వెనక ఒక మనిషి ఉన్నాడు.

కర్ర నేను చేశాను. బాగా ఎండిన టేకు ముక్క తీసి, నలుపలకలుగా చిత్రిక పట్టి, నా ఉక్కు స్కేలు పెట్టి మీటరుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాను. వెడల్పాటి పలక మీద బిగించాను. పలకను మట్టం చేయడానికి నీటిమట్టం, కర్రను నిటారుగా చూడడానికి దారం గుండు. ఇంటిముందు సిమెంటు అరుగు మీద పెట్టాం.

గురువారం ఎండ బాగా కాసింది. మా ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, పలక మీద నీడ కొసన రెండు నిమిషాలకోసారి బట్టల సుద్దతో గీత పెట్టింది. నీడ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగినట్టే ఆగి, మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. అన్నిటికంటే దగ్గరి గీతకు టేపు పెట్టింది. ఆమె టేపుకు ఒకవైపు సెంటీమీటర్లు ఉన్నా ఆమె కంటికి ఆనేది అంగుళాలే.

"పన్నెండూ ముప్పావు," అంది. కొలతల పుస్తకంలో రాసుకుంది. ఫోనులో సెంటీమీటర్లు చేసుకుంది.

గేటు ఆయన నుంచి కూడా కొలత వచ్చింది. అదే సమయానికి గూడ్సు బండి వచ్చిందట. ఒక చేత్తో పచ్చజెండా చూపిస్తూ, కాలి బొటనవేలితో నీడ కొస అదిమి పట్టుకున్నాడట. "బండి వెళ్లేదాకా వేలు కదపలేదు చెల్లెమ్మా, డ్రైవరు నన్ను చూసి దండం పెట్టాడు," అన్నాడు.

శుక్రవారం పొద్దున మా ఆవిడ రెండు అంకెలూ పేజీలో ఎక్కించింది. నేను తలుపు చట్రానికి గాడి తీస్తున్నాను. తెర అవతల మిషను ఆగింది. కాసేపటికి తెర పక్కకు జరిగింది.

"నలభై ఏడు వేలు వచ్చింది," అంది.

పక్కన ఎర్ర అక్షరాల్లో "మరోసారి చూసుకోండి" అని ఉందట.

"ఏడు వేల కిలోమీటర్లు ఎక్కువ! ఇంత లావు భూమి ఎక్కడుంది?" అంది. ఇంకో క్షణానికి నా వైపు తిరిగింది. "నీ కర్ర సరిగ్గా ఉందా?"

నేను ఉక్కు స్కేలు తెచ్చి కర్రకు ఆనించాను. మీటరు. గుండు వదిలాను. దారం కర్రను రాసుకుంటూ దిగింది. ఆమె ఒప్పుకుంది.

గేటు ఆయనకు ఫోను చేసింది. "అన్నయ్యా, ఏమీ అనుకోకు, నీ బొటనవేలు జారిందేమో..."

"చెల్లెమ్మా! ఇరవై రెండేళ్ల సర్వీసు. ఈ కాలు పట్టాల పక్కన ఎన్నడూ జారలేదు. ఫోటో తీసి పంపా చూడు, స్కేలు పక్కనే పెట్టా."

ఫోటో చూసింది. బొటనవేలు, స్కేలు, గీత. నలభై ఆరు పాయింటు నాలుగు. తప్పు లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. ఆమె మిషను ముందు కూర్చుని, ఖాళీ బాబిన్‌కు దారం చుట్టడం మొదలుపెట్టింది. బాబిన్ నిండిపోయి దారం పొంగి కింద పడుతున్నా చుడుతూనే ఉంది.

"లెక్క ఎక్కడో తప్పాను," అంది చివరికి. "ఆ మాస్టారు నిజమే చెప్పాడు. రేపు మేడమ్‌కి రాసేస్తా, నన్ను తీసేసి అన్నయ్యకి ఇంకొకర్ని జత చెయ్యమని."

"లెక్క ఫోను కదటే చేసింది?" అంది అమ్మ.

"ఫోనుకి నేను చెప్తేనే కదా అత్తయ్యా."

శనివారం పొద్దున ఆమె నర్సుకు యూనిఫారం ఇవ్వడానికి ఆస్పత్రికి వెళ్లింది. నేను పలకను లోపలికి తెచ్చాను. వేరే పనికి పలక కావాలి, సుద్ద చెరిపేద్దామనుకున్నాను. గుడ్డ తడిపి చేతిలోకి తీసుకున్నాక ఎందుకో ఆగి, ఉక్కు స్కేలు పెట్టి చూశాను. కర్ర మొదలు నుంచి దగ్గరి గీత దాకా.

పదకొండూ ముప్పావు.

మళ్లీ పెట్టాను. పదకొండూ ముప్పావే. ఆమె చెప్పింది పన్నెండూ ముప్పావు.

తడిగుడ్డ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఆ అంగుళం నాకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్లుగా ఎరుగుదును.

పెళ్లయిన కొత్తలో గోడ మూలకు ఒక అల్మరా కావాలంది. తనే కొలిచి చెప్పింది. ఆ లెక్కన చేస్తే మూలలో పట్టలేదు, అంగుళం ఎక్కువైంది. నా రంపం తప్పనుకుని సరిచేశాను. తరువాత కిటికీ రెక్క. అంగుళం ఎక్కువ. మూడోసారికి అర్థమైంది. బట్టలు కొలిచే చెయ్యి అది. ఒంటికి సరిగ్గా కుడితే మనిషి కూర్చోలేడు, చెయ్యి ఎత్తలేడు. అందుకని టేపు చూసిన కంటికీ అంకె చెప్పే నోటికీ మధ్య రెండు వేళ్ల వదులు, అంటే ఒక అంగుళం, దానంతటదే చేరిపోతుంది. ఆమె పుస్తకంలో ఉండేవి ఒళ్ల కొలతలు కావు, గౌన్ల కొలతలు. అది తప్పు కాదు, చేతివాటం. చెప్తే నొచ్చుకుంటుందని చెప్పలేదు. ఆమె ఎంత చెప్తే అందులో అంగుళం తగ్గించి కోయడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో చెక్కవన్నీ అలా అమిరాయి. గుడ్డతో చేసిన తెర ఒక్కటే నా చేతికి రాలేదు.

ఇప్పుడు చెప్పాలి. చెప్తే ఆమెకు గర్వంగా ఉన్న ఒక్క విద్యకే దెబ్బ. చెప్పకపోతే ఆ మాస్టారి మాట ఇంకో ముప్ఫై ఏళ్లు ఆమె మెడ మీద కూర్చుంటుంది. గేటు ఆయన నాలుగో జత కోసం చూస్తాడు. ఇదంతా నా నోరు చేసిన పని అనిపించింది. అంటే, చెయ్యని పని.

ఆమె వచ్చి, చెప్పులు విడిచి, ఫోను తీసింది. "మేడమ్‌కి రాస్తున్నా," అంది.

"ఆగు," అన్నాను.

అమ్మ సూది ఆపి తల ఎత్తింది. మా ఇంట్లో ఆ మాట నేను అనడం అరుదు.

"తప్పు లెక్కలో లేదు. కొలతలో ఉంది."

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నా కొలతలోనా?"

మాటలు నాకు చాతకావు. పలక చూపించాను, స్కేలు పెట్టాను. చూసింది. ఒప్పుకోలేదు. "సుద్ద చెదిరి ఉంటుంది," అంది. నేను నా బల్ల అంచు చూపించి, "ఇది కొలువు," అన్నాను. టేపు పెట్టింది. "ముప్ఫై ఒకటి," అంది. స్కేలు పెట్టాను. ముప్ఫై. కుర్చీ వెన్ను. "ఇరవై," అంది. పంతొమ్మిది. అమ్మ చేతికర్ర లాక్కుని కొలిచింది. "ముప్ఫై ఏడు!" ముప్ఫై ఆరు.

"నా కర్రనీ లావు చేశావా?" అంది అమ్మ.

మా ఆవిడ టేపును కళ్ల దగ్గరకు పెట్టుకుని, తిప్పి, మళ్లీ చూసింది. ఆమె పెదవులు ముప్ఫై ఆరు అనబోయి ముప్ఫై ఏడు దగ్గర ఆగడం నేను చూశాను. తనూ కనిపెట్టింది.

"రెండు వేళ్లు..." అంది మెల్లగా. "రెండు వేళ్లు కలుపుతున్నా." ఒక్కసారి నా వైపు తిరిగింది. "నీకెలా తెలిసింది?"

అల్మరా సంగతి చెప్పాను. కిటికీ సంగతి చెప్పాను. మంచం, పీట, దేవుడి అర, మిషను బల్ల. ఒక్కొక్కటి చెప్తున్నకొద్దీ ఆమె ఒక్కొక్కదాని వైపు చూస్తోంది, అవి కూడా కుట్రలో ఉన్నట్టు.

"ఇరవై ఆరేళ్లు! నేను చెప్పిన ప్రతిదాంట్లో నా అంగుళం కోసి పొట్టులో పారేశావా? ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేకపోయావా? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకున్నా!"

"నోరు పెగలదే వాడికి," అంది అమ్మ. "పుట్టినప్పుడు ఏడవడానికే గంట తీసుకున్నాడు."

"మీరూరుకోండి అత్తయ్యా!"

ఊరుకోవడం అమ్మకు చాతకాదు గాని ఊరుకుంది. మా ఆవిడ తెర అవతలికి వెళ్లి దాన్ని బరబరా లాగింది. తెర నేల మీద పాకింది. పాకుతున్న ఆ అంగుళాన్ని ఆమె వంగి చూసింది. చూస్తూ ఉండిపోయింది. తరువాత వినిపించింది నవ్వు. మొదట ముక్కులోంచి, తరువాత కడుపులోంచి. నిలబడలేక మిషను పట్టుకుని నవ్వింది.

"అంటే... భూమికి కూడా వదులు పెట్టానా!" అంది. "ఏడు వేల కిలోమీటర్ల వదులు! అయ్యో తల్లీ, నీకు గౌను కాదు, గుడారం కుట్టాను!"

అమ్మ కూడా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఎందుకైనా మంచిదని చిత్రిక వైపు తిరిగి నవ్వాను.

నవ్వు అయ్యాక, "పలక మీది గీత నిజం కొలత చెప్తోంది కదా, అదే ఎక్కించు," అన్నాను.

"వద్దు. అది నీ స్కేలు చెప్పిన అంకె. నా నోటితో నేను చెప్పాలి. రేపు ఆదివారం. ఎండ కాస్తే మళ్లీ కొలుస్తా." గేటు ఆయనకు ఫోను చేసింది. తన తప్పు తనే చెప్పింది. ఫోనులో ఆయన నవ్వు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

"పర్లేదు చెల్లెమ్మా, రేపు రెండో కాలి బొటనవేలు పెడతా. మొదటిది ఇంకా నొప్పిగానే ఉంది."

ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే మబ్బు. పదింటికీ మబ్బే. వార్త ఎలా పాకిందో, అరుగు ముందు పదిమంది చేరారు. కుట్టించుకునేవాళ్లు, కుర్చీలు బాగు చేయించుకునేవాళ్లు. నర్సు సెలవు పెట్టి మరీ వచ్చింది, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. ఆమె అలా నిలబడితే సూర్యుడైనా టైముకు రావలసిందే అనిపించింది.

పదకొండున్నరకు గేటు ఆయన ఫోను. "ఇక్కడ ఎండ పేలిపోతోంది చెల్లెమ్మా. అక్కడ?"

"ఇక్కడ దుప్పటి కప్పుకుని పడుకున్నాడు అన్నయ్యా."

"లేపండి, లేపండి! ఇవాళ గూడ్సు బండి పావుగంట లేటు. నా సర్వీసులో మొదటిసారి లేటు బండికి సంతోషపడ్డా."

నీడ పొట్టి కావలసిన సమయానికి పది నిమిషాల ముందు మబ్బు ఒకచోట పలచబడింది. పలక మీద కర్ర నీడ లేత బూడిదరంగులో కనిపించి పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి నల్లగా, కొస తెగ్గోసినట్టుగా. ఎవరో కేక వేశారు. "కదలకండి! వెలుతురుకి అడ్డం రాకండి!" అంది నర్సు, ఆపరేషను గదిలో అన్నట్టు. అందరూ రెండడుగులు వెనక్కు జరిగారు.

మా ఆవిడ గీతలు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది మూడో దాని మీదే పడింది. అయిదోది కొంచెం దూరం జరిగింది. టేపు పెట్టింది. నేను దారం గుండు పట్టుకుని ఎదురుగా ఉన్నాను. ఆమె పెదవులు కదిలాయి. పదమూడున్నర అనబోతోందని నాకు తెలుసు. ఎడమచేతి రెండు వేళ్లు వాటంతటవే టేపు కిందికి దూరబోతున్నాయి. ఆమె ఆ చెయ్యి తీసి వీపు వెనక పెట్టుకుంది.

ఒక ఊపిరి తీసుకుంది.

"పన్నెండున్నర," అంది గట్టిగా.

నేను స్కేలు తీయలేదు. జేబులోనే ఉంది. ఆమె నా జేబు వైపు చూసి, నా మొహం వైపు చూసింది.

"చూడవా?"

"అక్కర్లేదు," అన్నాను.

గేటు ఆయన నలభై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు పంపాడు. రెండు అంకెలూ ఎక్కించింది. ఫోను తెర మీద చక్రం తిరిగింది. పదిమంది తలలు ఒక ఫోను మీద. అమ్మ కర్రతో దారి చేసుకుని ముందుకు వచ్చింది.

ముప్ఫై తొమ్మిది వేల నాలుగు వందల నలభై మూడు.

అంకె పచ్చగా ఉంది. కింద పటం తెరుచుకుంది. మా ఊరి మీద ఒక పచ్చచుక్క, గేటు మీద ఒక పచ్చచుక్క, రెండిటికీ మధ్య సన్నటి గీత, కుట్టు వేసినట్టు. "పూర్తయింది" అని ఉంది. పది చదువుల్లో ఆమె ఆ మాట చూడడం అదే మొదలు. వేలితో ఆ మాటను తడిమింది. తాకితే పేజీ మారిపోతుందని భయపడి వెంటనే తీసేసింది.

"నా గేటు పటంలోకి ఎక్కింది చెల్లెమ్మా!" ఫోనులోంచి అరుపు. వెనకే రైలు కూత. "ఉండు, ఉండు, లేటు బండి వచ్చేసింది!"

నర్సు చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. మా అమ్మ ఒక్కతే అనుమానంగా అంది: "ఇంకా అయిదు వందలు తక్కువ ఉంది కదే నలభై వేలకి?"

"కుట్టులో పోయింది అత్తయ్యా," అంది మా ఆవిడ.

పేజీ అడుగున ఒక గడి ఉంది. "మీ మొదటి కొలత ఎందుకు తప్పింది?" ఇదివరకైతే ఫోను బోర్లా పెట్టేది. ఇప్పుడు కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది. సోమవారం ఆఖరి క్లాసులో మేడమ్ దాన్ని అందరికీ చదివి వినిపించింది. మధ్యలో రెండుసార్లు నవ్వి ఆగిపోయింది.

"నేను బట్టలు కుడతాను. ఎవరిని కొలిచినా రెండు వేళ్లు వదులు పెడతాను. భూమికి కూడా పెట్టాను. లోపల ఇంతమంది ఉన్నారు, ఊపిరి ఆడాలి కదా."

చదవడం అయ్యాక మేడమ్ చేతిలోని దారం ముక్కను పక్కన పెట్టి అంది: "కొలిచే చెయ్యి ఎప్పుడూ తన పనిని కొలతలో కలుపుతుంది. ఇది నేను ఆరు వారాలుగా చెప్పాలని చూస్తున్న పాఠం. ఈ అమ్మగారు నాకంటే బాగా చెప్పారు."

ఆ పూట తెర అవతల మిషను చాలాసేపు నడవలేదు. నేను చూడలేదు. కొన్నిటికి తెర ఉండడమే మంచిది.

మరుసటి వారం ఆమె కిటికీ పక్కన ఫోనుకు, పుస్తకాలకు ఒక అర కావాలంది. టేపు పెట్టి కొలిచింది.

"ఇరవై నాలుగు," అంది.

నేను పెన్సిలు చెవి మీంచి తీసి అడిగాను. "వదులుతోనా, వదులు లేకుండానా?"

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఇరవై ఆరేళ్లకి అడిగావు! వదులు లేకుండానే. కావాలంటే ఆ స్కేలు పెట్టి చూసుకో."

చూసుకోలేదు. ఆమె చెప్పినంతే కోశాను. సరిగ్గా ఇరవై నాలుగు. అర గోడకు బిగించాక చూస్తే, కిటికీ చట్రానికీ దానికీ మధ్య గోరు దూరేంత సందు కూడా లేదు. ఫోను అందులో నిలబెట్టింది. కొత్త చదువు మొదలైంది, చెట్ల గురించట. వయసు కాండంలోని వలయాల్లో ఎలా రాసి ఉంటుందో చెప్తున్నారు. ఆ సంగతి నాకు కొంత తెలుసు.

"వినపడుతోందా?" అంది తెర అవతల నుంచి.

నేను రంపం ఆపి, లేచి వెళ్లి తెరను పూర్తిగా పక్కకు జరిపాను. స్టూలు లాక్కుని ఆమె మిషను పక్కన కూర్చున్నాను.

"మొదటి నుంచి పెట్టు," అన్నాను.